డిష్ బాక్సు లేవట్లేదా? పారేసే ముందు కెపాసిటర్లు చూడండి

ఖరాబైన డిష్ బాక్సును షాపుకు తీసుకుపోతే ఇప్పుడు చాలా చోట్ల విప్పి కూడా చూడరు. "బోర్డు పోయిందన్నా, కొత్తది తీసుకో" అని పక్కన పెట్టేస్తారు. వాళ్ళనీ అనడానికి లేదు, వెయ్యి పదిహేను వందల బాక్సు కోసం గంటసేపు కూర్చుంటే వాళ్ళకు మిగిలేది ఏమీ ఉండదు. కానీ సోల్డరింగ్ ఐరన్ పట్టడం కొంచెం వచ్చినవాళ్ళకు, ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు, సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకుంటున్నవాళ్ళకు చెయ్యి తిరగడానికి ఇంతకంటే మంచి పని దొరకదు. పవర్ రాక ఆగిపోయిన బాక్సుల్లో చాలావాటికి పోయేది సప్లై (కరెంటును బోర్డుకు కావలసిన వోల్టులుగా మార్చే భాగం) దగ్గరున్న ఒకటి రెండు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే, అంటే చార్జిని నిలవ ఉంచే గొట్టంలాంటి చిన్న డబ్బాలే. వాటి ఖరీదు ఇద్దరి చాయ్ ఖర్చుకు మించదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పోయిన కెపాసిటర్ మీద రాసిన విలువ చూసి, అదే విలువది షాపులో ఏది ఇస్తే అది తెచ్చి వేస్తే బాక్సు లేస్తుంది, కానీ ఏడాది తిరగకముందే మళ్ళీ పడుకుంటుంది. మన నల్లగొండ, పాలమూరు ఎండల్లో మరీను. మైక్రోఫారడ్లు, వోల్టులు అందరూ చూస్తారు. 105 డిగ్రీల రకమా 85 డిగ్రీల రకమా, ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) తక్కువ ఉన్నదా కాదా అన్నది ఎవరూ చూడరు. ఈ రిపేరు నిలబడేదీ కూలబడేదీ దాని మీదే.

బాక్సు ఇంకా వారంటీలో ఉంటే, లేదా కంపెనీవాళ్ళు మార్చి ఇచ్చే రకం అయితే మూత విప్పకండి, అంతే. ఈ రాసేదంతా వారంటీ అయిపోయిన బాక్సుల గురించి, ముఖ్యంగా ఫ్రీ డిష్ బాక్సుల గురించి. 2004 డిసెంబర్‌లో దూరదర్శన్ ఆ ఉచిత సర్వీసు మొదలుపెట్టినప్పటి నుంచి ఊళ్ళల్లోకి పేరున్నవీ పేరులేనివీ ఎన్నో రకాల బాక్సులు వచ్చాయి. లోపల సప్లై మాత్రం అన్నిట్లో దాదాపు ఒక్కటే పద్ధతి, కాబట్టి ఒకటి అర్థమైతే మిగతావి భయపెట్టవు.

ఎట్లా ఆగిపోయిందో ముందు అడగండి

కెపాసిటర్ పోయే బాక్సు ఒక్కసారిగా ఆగిపోవడం తక్కువ, నెలా రెండు నెలల ముందు నుంచే సతాయిస్తుంది. చానల్ మారుస్తుంటే ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి స్టార్ట్ కావడం, ముందు లైటు మిణుకు మిణుకుమనడం, డిస్‌ప్లే మీద 'బూట్' అనో నాలుగు గీతలో వచ్చి అక్కడే నిలబడిపోవడం, లోపలి నుంచి సన్నగా టిక్ టిక్ సప్పుడు, చలికాలం పొద్దున స్విచ్ నాలుగైదుసార్లు వేసి తీస్తే గానీ లేవకపోవడం, ఇవన్నీ సప్లై బలహీనపడిందనడానికి గుర్తులు. చలికాలం గుర్తు మాత్రం కెపాసిటర్‌నే పట్టిస్తుంది. ఎలక్ట్రోలిటిక్ లోపలి ద్రవం ఎండిపోయే కొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది, అదే ఈఎస్ఆర్. చల్లగా ఉంటే అది ఇంకా పెరుగుతుంది, వేడి తగిలితే తగ్గుతుంది. అందుకే లేవని బాక్సుకు పక్క రంధ్రాల నుంచి రెండు నిమిషాలు హెయిర్ డ్రయ్యర్ గాలి పడితే లేచి కూర్చుంటుంది. అట్లా లేచిందంటే సగం రోగం దొరికినట్టే.

సగం చానళ్ళు వచ్చి సగం రాకపోతే? దానికీ ఇక్కడే కారణం ఉండొచ్చు. బాక్సు కేబుల్ గుండా డిష్ మీద సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీకి 13 వోల్టులు పంపితే అది నిలువు పోలరైజేషన్ (నిలువుగా ఊగే తరంగాలు) పట్టుకుంటుంది, 18 వోల్టులు పంపితే అడ్డం పట్టుకుంటుంది. ఆ లైను కెపాసిటర్ నీరసించి 18 రావాల్సిన చోట 15 వస్తే అడ్డం వైపు చానళ్ళు మాయమైపోతాయి. మనుషులేమో పైకెక్కి డిష్ తిప్పుతుంటారు. వానకు బొమ్మ గళ్ళు గళ్ళుగా పగలడం, గాలిదుమారం తర్వాత మొత్తం 'నో సిగ్నల్' రావడం లాంటివాటికి మాత్రం కెపాసిటర్‌తో పని లేదు, డిష్షో కేబులో చూసుకోవాలి.

బాక్సు 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచేదైతే మూత విప్పే ముందే ఇంకో అడాప్టర్ పెట్టి చూడండి. వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, పిన్ను ప్లస్ మైనస్ కలవాలి. పాత అడాప్టర్‌ను ఉత్తగా మీటరుతో చూస్తే 12 చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది, బాక్సుకు తగిలించిన తర్వాత చూస్తే తొమ్మిదికో ఎనిమిదికో పడిపోతుంది. అప్పుడు పోయింది అడాప్టర్‌లోని కెపాసిటర్. దాన్ని పగలగొట్టి బాగుచేసే బదులు కొత్త అడాప్టర్ కొనుక్కోవడమే మంచిది. అతికించి మూసిన డబ్బాను తెరిచి మళ్ళీ సరిగ్గా మూయడం కష్టం, దానికి పిల్లల చేతులు తగులుతాయి కూడా.

పాడైన బాక్సే ఎక్కువ ప్రమాదం

నేరుగా 230 వోల్టుల వైరు పోయే బాక్సు అయితే ఇక్కడ కాస్త ఆగి చదవండి. లోపలికి వచ్చిన కరెంటు నాలుగు డయోడ్లు దాటి ఒక లావుపాటి కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది. దాని మీద 400 వోల్టులు అని రాసి ఉంటుంది, విలువ 10 నుంచి 47 మైక్రోఫారడ్ల మధ్య ఉంటుంది. దాని రెండు కాళ్ళ మధ్య సుమారు 320 వోల్టుల డీసీ ఉంటుంది. మంచి బాక్సు అయితే ప్లగ్ పీకిన తర్వాత సప్లై తనంతట తనే ఆ చార్జిని వాడేసుకుంటుంది. పాడైన బాక్సులో సప్లై నడవదు కాబట్టి ఆ చార్జి అట్లాగే నిలిచి ఉంటుంది. నిన్న ప్లగ్ పీకాను కదా అన్న ధైర్యంతో చెయ్యి పెట్టకండి.

మీటరును డీసీలో 600 లేదా 1000 వోల్టుల రేంజికి పెట్టి ఆ కెపాసిటర్ కాళ్ళ మధ్య ముందు కొలవండి. చార్జి ఉంటే 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ కాళ్ళకు ఇన్సులేషన్ వైర్లు అతికించి, ఆ వైర్ల కొనలను కెపాసిటర్ కాళ్ళకు నాలుగైదు సెకన్లు పట్టండి, మళ్ళీ కొలవండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఫట్‌మనిపించే అలవాటు మన మెకానిక్‌లలో చాలామందికి ఉంది, చూడ్డానికి హీరోయిజంలా ఉంటుంది గానీ బోర్డు ట్రాక్ లేస్తుంది, కంట్లో నిప్పురవ్వ పడుతుంది.

ఇంకొకటి. బోర్డు మీద తెల్ల గీతో ఖాళీ జాగానో ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ కింద నుంచి పోతూ రెండు భాగాలు చేస్తుంది. ప్లగ్ వైపుది వేడి భాగం (ప్రైమరీ), చానళ్ళు పట్టే మెయిన్ బోర్డు వైపుది చల్ల భాగం (సెకండరీ). రెండింటి గ్రౌండ్లు వేరు. సెకండరీ వోల్టులు కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ను డిష్ కేబుల్ బిగించే ట్యూనర్ రేకు డబ్బాకు పట్టండి, ప్రైమరీ కొలిచేటప్పుడు మాత్రం పెద్ద కెపాసిటర్ మైనస్‌కే పట్టాలి. కరెంటు ఉన్నప్పుడు ఒక్క చేత్తోనే కొలవండి, కాళ్ళకు చెప్పులు ఉండనివ్వండి, ఇంట్లో ఎవరినైనా పక్కన ఉండమనండి.

మూత తీసిన తర్వాత

ముందు దుమ్ము. మన దిక్కు బాక్సుల్లో దుమ్ముతో పాటు బల్లి గుడ్లు, చీమల మట్టి, బొద్దింకలు మామూలే. పెయింట్ బ్రష్‌తో మెల్లగా దులపండి, తడి గుడ్డ వద్దు. ఫోన్‌తో రెండు వైపులా నుంచి ఫొటోలు తీసి పెట్టుకోండి, ఏ కెపాసిటర్ చార ఎటు ఉందో కనపడాలి. తర్వాత ఆ ఫొటోలే మిమ్మల్ని కాపాడతాయి.

ఇప్పుడు కెపాసిటర్ల తలలు చూడండి. మంచిదాని తల బల్లపరుపుగా ఉంటుంది. తల మీద ప్లస్ ఆకారంలో గాట్లు ఉంటాయి కదా, లోపల గ్యాస్ పుట్టినప్పుడు అక్కడ చీలి బయటికి పోవడానికి పెట్టినవే అవి. తల కొంచెం ఉబ్బినా, గాటు దగ్గర గోధుమ రంగు పెచ్చు కట్టినా, కింద రబ్బరు బయటికి పొడుచుకొచ్చి కెపాసిటర్ ఒక పక్కకు ఒరిగినా దాని పని అయిపోయినట్టే. బోర్డు మీద కెపాసిటర్ల మొదట్లో పసుపుగానో గోధుమగానో కనిపించేదంతా లీకేజీ అనుకోవద్దు, కదలకుండా ఫ్యాక్టరీలో పెట్టిన జిగురు కూడా అట్లాగే ఉంటుంది. అయితే ఆ జిగురు పాతబడి నల్లగా మారితే కొంచెం కరెంటును కూడా పాస్ చేస్తుంది, కింద కాళ్ళను తినేస్తుంది, కాబట్టి నల్లబడ్డదాన్ని గీకేయడం మంచిదే.

ఎక్కువగా పోయేది ఏదో తెలుసా? ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన డయోడ్ తర్వాత మొట్టమొదట ఉండేది. దాని తర్వాత ఒక చిన్న కాయిల్, ఆ తర్వాత ఇంకో కెపాసిటర్ ఉంటాయి. దెబ్బలన్నీ మొదటిదే తింటుంది, రెండోది సుఖంగా బతుకుతుంది. ఆ మొదటిది హీట్‌సింక్ పక్కనే ఉంటే ఇక చెప్పక్కర్లేదు. 5 వోల్టుల లైనులో 1000 మైక్రోఫారడ్ 10 వోల్టులదో, 12 వోల్టుల లైనులో 470 మైక్రోఫారడ్ 16 వోల్టులదో ఉబ్బి కనిపిస్తుంది చాలాసార్లు.

కంటికి కనపడకుండా పోయేదే అసలు తలనొప్పి. మొన్నటి ఎండాకాలం దేవరకొండ దిక్కు నుంచి ఒక పెద్దాయన బాక్సు తెచ్చి బల్ల మీద పెట్టి, "నిన్న రాత్రి దాకా మంచిగనే నడిచింది బిడ్డా, కరెంటు పోయొచ్చినంక లేస్తలేదు" అన్నాడు. విప్పితే ఒక్క కెపాసిటరూ ఉబ్బలేదు. ఫ్యూజు బాగుంది, పెద్ద కెపాసిటర్ మీద 320 వస్తోంది, సెకండరీలో మాత్రం సున్నా. సప్లైని నడిపే ఐసీ (చిప్పు) పక్కన చిటికెన వేలు గోరంత కెపాసిటర్ ఒకటి ఉంది, 22 మైక్రోఫారడ్ 50 వోల్టులు. దానికి ఆనుకుని ఒక రెసిస్టర్, ఆ చుట్టుపక్కల బోర్డు వేడికి కాస్త ముదురు రంగు తిరిగి ఉంది. పీకి టెస్టర్‌లో పెడితే 22 ఉండాల్సింది నాలుగైదు చూపించింది.

ఆ చిన్న కెపాసిటర్ పని ఏమిటంటే, స్విచ్ వేసిన మొదటి క్షణంలో ఐసీకి కావలసిన కరెంటును నిలవ చేసి ఇవ్వడం. ఒకసారి ఐసీ లేచి ట్రాన్స్‌ఫార్మర్ నడిస్తే, ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇంకో చుట్టే ఐసీని పోషిస్తుంది, కెపాసిటర్ మీద అంత భారం ఉండదు. అందుకే అది ఎండిపోయినా నడుస్తున్న బాక్సు నడుస్తూనే ఉంటుంది. నెలల తరబడి ప్లగ్ పీకకుండా నడిచిన బాక్సు ఒక్కసారి కరెంటు పోయి రాగానే ఇక లేవదు. జనం దాన్ని హై వోల్టేజ్ వచ్చి మాడిపోయిందనుకుంటారు. ఇట్లాంటి బాక్సు వస్తే వేరే ఆలోచన లేకుండా ముందు ఐసీ పక్కన చిన్నదాన్ని మార్చండి.

మీటరు ఎట్లా నమ్మాలి

సప్లై నుంచి మెయిన్ బోర్డుకు పోయే కనెక్టర్ దగ్గర చాలా బోర్డుల మీద 3.3, 5, 12, 22 అని వోల్టులు అచ్చు వేసే ఉంటాయి. బాక్సు ఆన్ చేసి, బోర్డు తగిలించి ఉండగానే ఒక్కొక్కటి కొలవండి. 5 ఉండాల్సిన చోట 4.9 ఉంటే పరవాలేదు, 4.3 వచ్చి అంకెలు కుదురుగా నిలవకుండా ఆడుతుంటే అదే లైను కెపాసిటర్. కనెక్టర్ పీకేసి కొలిస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టు కనపడొచ్చు, కొన్ని సప్లైలేమో అస్సలు లోడ్ లేకపోతే టిక్ టిక్‌మంటూ తప్పు అంకెలు చూపిస్తాయి. రెండు రకాలుగానూ కొలిచి తేడా చూడటం మంచిది.

కెపాసిటర్ పీకి మీటరులో మైక్రోఫారడ్ కొలిస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. సరిపోదు. మామూలు మీటరు చాలా మెల్లగా కొలుస్తుంది, సప్లై మాత్రం సెకనుకు అరవై వేలో లక్షో సార్లు ఆన్ ఆఫ్ అవుతుంటుంది. 1000కి 900 చూపించే కెపాసిటర్ కూడా ఆ వేగంలో పనికిరాకుండా పోవచ్చు. ఈఎస్ఆర్ చూపించే చిన్న స్క్రీన్ టెస్టర్లు ఆన్‌లైన్‌లో తక్కువలోనే దొరుకుతున్నాయి, నలుగురికి రిపేరు చేసేవాళ్ళయితే ఒకటి కొనుక్కోండి. 1000 మైక్రోఫారడ్ మంచి రకానికి ఈఎస్ఆర్ ఓమ్‌లో పదో వంతు కంటే తక్కువ ఉంటుంది, ఒక ఓమ్ దగ్గరికి వచ్చిందంటే తీసేయాల్సిందే. రెండు ఆంపియర్ల రిపుల్ (హెచ్చుతగ్గుల కరెంటు) పోయే చోట ఒక ఓమ్ ఉంటే అక్కడే నాలుగు వాట్ల వేడి పుడుతుంది, ఆ వేడికి మిగిలిన ద్రవం కూడా ఎండుతుంది, ఎండే కొద్దీ ఈఎస్ఆర్ ఇంకా పెరుగుతుంది. టెస్టర్‌లో పెట్టే ముందు కెపాసిటర్ చార్జి తీసేయడం మరవొద్దు, లేకపోతే టెస్టరే పోతుంది.

టెస్టర్ లేకపోతే ఇంకో దారి. అనుమానం ఉన్నదాని మీద, బోర్డు కింది వైపు నుంచి అదే కాళ్ళకు ఒక మంచి కెపాసిటర్‌ను ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ చూసి తాత్కాలికంగా టచ్ పెట్టి అతికించి ఆన్ చేయండి. లేస్తే దొంగ దొరికినట్టే. ఇది సెకండరీ వైపు మాత్రమే, అతికించడం కూడా ప్లగ్ పీకి ఉన్నప్పుడే.

ఏది కొనాలి

మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, దొరక్కపోతే సెకండరీలో ఒక మెట్టు ఎక్కువ పరవాలేదు, 470 ఉన్న చోట 680 వేసుకోవచ్చు. వోల్టులు అంతే లేదా ఎక్కువ. 10 వోల్టులది ఉబ్బితే నేను 16 వోల్టులది వేస్తాను. తక్కువ వోల్టులది ఎప్పుడూ వద్దు. లావు, ఎత్తు కొలుచుకుని పోండి, లేకపోతే మూత పట్టదు.

ఇక టెంపరేచర్. కెపాసిటర్ మీద 85 డిగ్రీలు లేదా 105 డిగ్రీలు అని ఉంటుంది. ఆ వేడి దగ్గర ఇన్ని గంటలు బతుకుతుందని కంపెనీ లెక్క, మామూలుగా వెయ్యో రెండు వేలో గంటలు. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. మన దగ్గర మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు ఉంటుంది, మూసిన బాక్సులో కెపాసిటర్ దగ్గర 65 అనుకుందాం. రెండు వేల గంటల 85 డిగ్రీల రకం అక్కడ ఎనిమిది వేల గంటలు వస్తుంది. అదే రెండు వేల గంటల 105 డిగ్రీల రకం ముప్పై రెండు వేల గంటలు వస్తుంది. రిమోట్‌తో ఆఫ్ చేస్తే బాక్సు ఆగినట్టు కాదు, సప్లై లోపల నడుస్తూనే ఉంటుంది, కాబట్టి లెక్క రోజుకు 24 గంటలకు వేయాలి. ఎనిమిది వేల గంటలంటే పదకొండు నెలలు. ముప్పై రెండు వేలంటే మూడున్నర ఏళ్ళు దాటుతుంది. నిజంగా ఏడాది పొడుగునా 65 ఉండదు కాబట్టి అంతకంటే ఎక్కువే వస్తుంది గానీ, రెండింటి మధ్య తేడా మాత్రం నాలుగింతలు. ధరలో తేడా రూపాయో రెండు రూపాయలో.

షాపులో "1000 మైక్రో 16 వోల్టులది ఇవ్వన్నా" అంటే చేతికి దొరికింది ఇస్తారు. "105 డిగ్రీలది, లో ఈఎస్ఆర్, ఎస్ఎమ్‌పీఎస్‌లో వేసేది" అని అడగండి (ఎస్ఎమ్‌పీఎస్ అంటే ఇట్లా వేగంగా ఆన్ ఆఫ్ అయ్యే సప్లై), ఇచ్చింది తిప్పి చూసుకోండి. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో దొరకకపోతే హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో చూడండి, పది రకాలు పదేసి తెచ్చి డబ్బాలో వేసుకుంటే చాలా కాలం వస్తాయి. జపాన్ పేర్లు వేసిన నకిలీలు కూడా మార్కెట్లో ఉన్నాయి, మరీ చవగ్గా పేరున్న బ్రాండ్ దొరికితే నమ్మకండి. పాత టీవీ బోర్డుల నుంచి పీకి వేయడం నాకు నచ్చదు, అవి కూడా సగం ఆయుష్షు అయిపోయినవే. టెస్టింగ్‌కు పరవాలేదు.

పీకడం, పెట్టడం

ఈ బోర్డులు ఎక్కువగా గోధుమ రంగు సింగిల్ సైడ్ రకం, వేడి ఎక్కువసేపు పెడితే రాగి ట్రాక్ పొరలా లేచి వస్తుంది. 25 నుంచి 40 వాట్ల ఐరన్ చాలు. పాత టంకం తొందరగా కరగదు, దాని మీద ముందు కొంచెం కొత్త టంకం వేయండి, రెండూ కలిసి తేలిగ్గా కరుగుతాయి. ఒక కాలు కరిగించి కెపాసిటర్‌ను కొంచెం వంచండి, ఇంకో కాలు కరిగించి ఇటు వంచండి, రెండు మూడు సార్లలో అదే బయటికి వస్తుంది. గుంజకండి. రంధ్రం మూసుకుపోతే సక్కర్‌తో లాగండి, సక్కర్ లేకపోతే టంకం కరిగి ఉండగా చీపురు పుల్ల గుచ్చి తీస్తే రంధ్రం తెరుచుకుంటుంది. కారిన ద్రవం బోర్డు మీద ఉంటే కొత్తది పెట్టే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.

కెపాసిటర్ మీద చార ఉన్న వైపు మైనస్, పొడుగు కాలు ప్లస్. బోర్డు మీద రంగు నింపిన సగం చాలావాటిలో మైనస్సే గానీ కొన్ని కంపెనీలు తిరగేసి వేస్తాయి, బోర్డును కాదు మీ ఫొటోను నమ్మండి. తిరగేసి పెడితే ఆన్ చేసిన కొద్దిసేపటికి ఫట్‌మని పేలి లోపలి కాగితం, రేకు ముక్కలు గదంతా పడతాయి. కాళ్ళు పూర్తిగా లోపలికి నెట్టి, అతికించి, మిగిలింది కత్తిరించండి. ఉబ్బినదాని పక్కన అదే వయసువి ఉంటే వాటినీ మార్చేయండి, మళ్ళీ విప్పే బాధ తప్పుతుంది. బాగున్న ప్రైమరీ పెద్దదాన్ని మాత్రం ఊరికే కదిలించకండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు

నేరుగా సాకెట్లో పెట్టొద్దు. సిరీస్ బోర్డులో 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు పెట్టి దాని గుండా ఇవ్వండి. ఎల్ఈడీ బల్బు ఇక్కడ పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోయినా, చాలా మసకగా ఉన్నా అంతా బాగే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల షార్ట్ ఉంది, వెంటనే తీసేయండి. డిష్ కేబుల్ అప్పుడే తగిలించవద్దు. వోల్టులన్నీ కొలిచి, సరిగ్గా ఉన్నాయని తేలాక బల్బు తీసి నేరుగా ఇచ్చి అరగంట నడవనివ్వండి. ఆ తర్వాత ప్లగ్ పీకి డిష్ కేబుల్ బిగించండి. నడుస్తున్న బాక్సుకు కేబుల్ బిగిస్తే మధ్య తీగకు పక్క జాలీ తగిలి ఎల్ఎన్‌బీ సప్లై షార్ట్ అవుతుంది, మన ఇళ్ళల్లో అందరూ చేసే పని ఇదే.

కెపాసిటర్లు మార్చినా లేవకపోతే ఫ్యూజు చూడండి. ఫ్యూజు అద్దం లోపల నల్లగా మసిబారి ఉందంటే ప్రైమరీలో పెద్ద షార్ట్ జరిగింది, డయోడ్లు గానీ ఐసీ గానీ పేలి ఉంటుంది, దానికి కెపాసిటర్ మందు కాదు. ఫ్యూజుకు తీగ చుట్టి మాత్రం ప్రయత్నించకండి. సెకండరీ డయోడ్ షార్ట్ అయినా టిక్ టిక్ సప్పుడే వస్తుంది, మీటరుతో రెండు వైపులా చూస్తే తెలుస్తుంది. వోల్టులన్నీ సరిగ్గా ఉండి 'బూట్' దగ్గరే ఆగితే అది మెయిన్ బోర్డు మీది చిన్న రెగ్యులేటరో సాఫ్ట్‌వేరో. పిడుగు పడి పోయిన బాక్సు అయితే ట్యూనర్ దాకా కాలి ఉంటుంది, దాని మీద టైం పెట్టకండి, స్క్రూలు, కనెక్టర్లు తీసి పెట్టుకుని వదిలేయండి.

బాగైన బాక్సును మళ్ళీ పాత చోటే పెడితే పాత కథే. ఇన్వర్టర్ మీద, ఫ్రిజ్ మీద, టీవీ వెనక గోడకు ఆనించి, పైన పూల గుడ్డ కప్పి పెడతారు మనవాళ్ళు. గుడ్డ తీసేయండి, చుట్టూ అరచేతి మందం జాగా వదలండి, రాత్రి పడుకునేటప్పుడు రిమోట్‌తో కాదు, గోడ స్విచ్‌తోనే ఆపండి. పాత చిన్న కెపాసిటర్ ఉన్న బాక్సుకు రోజూ స్విచ్ ఆపడం ఒక పరీక్షే, కానీ అదెప్పుడో ఒకప్పుడు పోయేదే, మార్చేశారు కాబట్టి మీకు ఇక భయం లేదు. ఊళ్ళో లైట్లు ఒక ఇంట్లో విపరీతంగా వెలిగి పక్కింట్లో మసకబారాయంటే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగి ఉంటుంది, మీ సాకెట్లోకి 230కి బదులు 400 దాకా రావొచ్చు, 400 వోల్టుల కెపాసిటర్ దానికి ఆగదు. అప్పుడు మెయిన్ ఆపేసి లైన్‌మన్‌కు ఫోన్ చేయండి. ఉరుములు మొదలైతే ప్లగ్‌తో పాటు వెనక డిష్ కేబుల్ కూడా విప్పి పక్కన పెట్టండి.